కాలేయ క్యాన్సర్ చర్మానికి పాకితే: కోత, కరెంటు, మందులలో ఏది ఎవరికి?

కాలేయ క్యాన్సర్‌కు వైద్యం జరుగుతున్న మనిషికి కుడివైపు పక్కటెముకల మీదనో, నెత్తిమీదనో, భుజం మీదనో కాస్త నీలం కలిసిన ఎర్రటి బొడిపె ఒకటి లేస్తే, ఇంట్లోవారికి మొదట తోచేది దానిని కోయించి పారేయాలనే. కడుపులో ఉన్న గడ్డ కంటికి కనబడదు, ఇది కనబడుతుంది, కాబట్టి దీనికే ఎక్కువ భయపడతారు. అయితే ఈ స్థితిలో చికిత్స ఎంపిక ముఖ్యంగా రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: బొడిపె ఏ దారిన చర్మానికి చేరింది, కాలేయం ఇంకా ఎంత పని చేస్తున్నది. ఈ రెండూ తేలితే శస్త్రచికిత్స, రేడియేషన్, మాత్రలు, ఇమ్యునోథెరపీ (శరీర రక్షణ వ్యవస్థను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు), ఉపశమన వైద్యం అనే ఐదింటిలో రెండు మూడు వాటంతట అవే పక్కకు తొలగిపోతాయి.

ఇక్కడ కాలేయ క్యాన్సర్ అంటే కాలేయ కణాలలోనే పుట్టే హెపాటోసెల్యులర్ కార్సినోమా అని గ్రహించాలి. పెద్దపేగులోనో, రొమ్ములోనో పుట్టి కాలేయానికి చేరిన క్యాన్సర్లకు మందులు వేరు, ఈ పోలిక వాటికి వర్తించదు. కాలేయంలో పుట్టిన ఈ క్యాన్సర్ బయటికి పాకినప్పుడు సాధారణంగా ఊపిరితిత్తులు, లింఫ్ గ్రంథులు, ఎముకలు, అడ్రినల్ గ్రంథులలో కనబడుతుంది. చర్మానికి రావడం చాలా అరుదు. అందువల్లనే చర్మవ్యాప్తి ఉన్నవారిని మాత్రమే తీసుకుని రెండు చికిత్సలను ఎదురెదురుగా పోల్చిన పెద్ద పరీక్షలు లేవు. ఒక్కొక్క రోగి గురించి వైద్యులు రాసిన అనుభవాలను, ముదిరిన కాలేయ క్యాన్సర్ మొత్తం మీద జరిగిన పరీక్షలను కలిపి చదువుకుని నిర్ణయించుకోవలసి వస్తుంది. ఎవరైనా ఒకే మాటలో ఖాయంగా జవాబు చెప్పేస్తే కొంచెం అనుమానించడమే మంచిది.

ముందు అది ఏమిటో తేలాలి

ఈ బొడిపెలు గట్టిగా ఉంటాయి, చాలావరకు నొప్పి ఉండదు, రక్తనాళాలు నిండుగా ఉండడం వల్ల చిన్న గీరుకే రక్తం కారుతుంది. పయోజెనిక్ గ్రాన్యులోమా అనే మామూలు రక్తపు బొడిపెకూ దీనికీ పైచూపుకు తేడా తెలియదు. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) ఉన్నవారి ఛాతీ మీద సాలెపురుగు కాళ్ళలా విచ్చుకున్న సన్నని ఎర్రటి నాళాలు కనబడడం మామూలే, అవి క్యాన్సర్ కావు. సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్ర వాడేవారికి అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి బొబ్బలెక్కి తోలు ఊడడమూ క్యాన్సర్ పాకడం కాదు, అది మందు ప్రభావం. ఈ తేడా తెలియక, పనిచేస్తున్న మందును భయంతో మధ్యలో ఆపేసేవారు ఉంటారు.

కాబట్టి ముక్క పరీక్ష తప్పదు. చర్మం మీది గడ్డ నుంచి ముక్క తీయడం కాలేయంలోకి సూది పంపడం కంటే ఎంతో సులువు, అయితే ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూసుకున్న తరువాతే తీయాలి. ఆ ముక్క మీద హెప్‌పార్-1, ఆర్జినేజ్-1, గ్లైపికాన్-3 అనే రంజన (రంగు పట్టించి చూసే) పరీక్షలు చేస్తే కణాలు కాలేయానివా, మరొక అవయవానివా అన్నది తెలుస్తుంది. కాలేయ జబ్బు ఉన్నదని అంతవరకు తెలియనివారిలో చర్మం మీది బొడిపెతోనే క్యాన్సర్ బయటపడిన సందర్భాలు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఈలోగా పులిపిరికి కట్టినట్లు గుర్రపు వెంట్రుక కట్టడం, సెగ్గడ్డకు పెట్టినట్లు సున్నం బెల్లం పట్టు వేయడం వంటి పనులు చేయకూడదు. రక్తనాళాల ముద్ద వంటి ఈ బొడిపె చితికితే రక్తం ఆపడం ఆసుపత్రిలో కూడా కష్టమవుతుంది.

సూది వెంట వచ్చిందా, రక్తంలో వచ్చిందా

చర్మానికి క్యాన్సర్ చేరే ముఖ్యమైన దారులు రెండు. మొదటిది సూది దారి. కాలేయం నుంచి ముక్క తీసినప్పుడో, రేడియో తరంగాలతో గడ్డను కాల్చినప్పుడో, ఆల్కహాల్ ఎక్కించినప్పుడో సూది వెనక్కి వచ్చే దారిలో కొన్ని కణాలు మిగిలిపోయి, నెలల తరువాత, ఒక్కోసారి ఏళ్ళ తరువాత, సరిగ్గా ఆ మచ్చ దగ్గరే గడ్డగా ఎదుగుతాయి. కాలేయం నుంచి ముక్క తీసినవారిలో ఇలా జరిగేది సుమారు 2.7 శాతం మందిలో అని 2008లో వెలువడిన ఒక సమీక్ష లెక్కగట్టింది. సిర్రోసిస్ ఉన్న మనిషికి సీటీ లేదా ఎంఆర్ఐలో గడ్డ లక్షణాలు స్పష్టంగా ఉంటే సూది గుచ్చకుండానే క్యాన్సర్‌ను నిర్ధారించవచ్చు. వైద్యులు చాలాసార్లు కాలేయపు ముక్క అడగకపోవడానికి ఇది ఒక కారణం, దానిని నిర్లక్ష్యంగా భావించకూడదు.

రెండవది రక్తం దారి. కణాలు రక్తంలో కలిసి నెత్తికో, ముఖానికో, ఛాతీకో, ఇంకెక్కడికో చేరతాయి. ఇటువంటి బొడిపె ఒక్కటే కనబడినా, లోపల ఊపిరితిత్తులలోనో ఎముకలలోనో తోబుట్టువులు ఉండే అవకాశం ఎక్కువ. అందుకే చికిత్స ఎంచుకునే ముందు ఛాతీతో సహా సీటీ తీయించాలి, కాలేయ క్యాన్సర్‌లో తరచు పెరిగే ఆల్ఫా ఫీటోప్రోటీన్ రక్తంలో ఎంత ఉందో చూడాలి.

సూది దారిలో వచ్చిన ఒంటరి గడ్డ, రక్తంలో వచ్చిన గడ్డ పేరుకు ఒకే జబ్బు అయినా, చికిత్స విషయంలో వీటిని రెండు వేర్వేరు జబ్బులుగా చూడాలని నా అభిప్రాయం. మొదటిదానికి కోత అర్థవంతమైన చికిత్స. రెండవదానికి కోత చాలాసార్లు ఊరట మాత్రమే.

కాలేయం లెక్క

బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, కడుపులో నీరు, మనిషికి మగత లేదా తికమక, ఈ ఐదింటికీ మార్కులు వేసి కూడితే వచ్చేదే చైల్డ్-ప్యూ లెక్క. 5, 6 వస్తే ఎ తరగతి, 7 నుంచి 9 వరకు బి, 10 నుంచి 15 వరకు సి. క్యాన్సర్ కాలేయం దాటి బయటికి పోయిందంటే, కాలేయం బాగానే ఉండి మనిషి తన పనులు తాను చేసుకుంటున్నప్పుడు, కాలేయ క్యాన్సర్‌ను దశలుగా విడదీసే బార్సిలోనా విధానం ప్రకారం అది సి దశ. శరీరమంతా పనిచేసే మందులే అక్కడ ప్రధాన చికిత్స. కాలేయం పూర్తిగా చేతులెత్తేసినా, మనిషి పగలు ఎక్కువ భాగం మంచం మీదే ఉంటున్నా అది డి దశ. అక్కడ ఉపశమన వైద్యమే సరైనది. చైల్డ్-ప్యూ సి, బార్సిలోనా సి రెండూ వేర్వేరు లెక్కలు. ఆసుపత్రి కాగితం మీద “సి” అని చూసి కంగారుపడే ముందు అది ఏ లెక్కలోని సి అని అడగాలి. మార్పిడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి: క్యాన్సర్ కాలేయం బయట ఉన్నప్పుడు కాలేయ మార్పిడి చేయరు, ఎందుకంటే మార్పిడి తరువాత వాడే రోగనిరోధక అణచివేత మందుల కింద మిగిలిన కణాలు ఇంకా వేగంగా పెరుగుతాయి.

కోత

సూది మచ్చ దగ్గర ఒకే గడ్డ ఉండి, కాలేయంలోని క్యాన్సర్ అదుపులో ఉండి, కాలేయం చైల్డ్-ప్యూ ఎ తరగతిలో ఉన్న మనిషికి నేను మొదట పరిశీలించమనేది శస్త్రచికిత్సనే. గడ్డతో పాటు చుట్టూ కొంత మంచి చర్మాన్ని, సూది పోయిన దారిలోని కండరాన్ని కలిపి తీయాలి. పైపైన గీకి తీస్తే అదే చోట మళ్ళీ వస్తుంది. ఇలా పూర్తిగా తీసిన కొందరు చాలాకాలం బాగున్నట్లు నివేదికలు ఉన్నాయి.

రక్తంలో వచ్చిన బొడిపెలు నాలుగైదు ఉంటే కోత వల్ల ఆయుష్షు పెరుగుతుందని ఆశించడానికి ఆధారం లేదు. ఒకటి మాత్రం పుండుపడి, రోజూ రక్తం కారుతూ, వాసన వస్తూ మనిషిని నలుగురిలోకి రానివ్వకపోతే దానిని తీసేయడం న్యాయమే. కోత గాయం మానడానికి ఆల్బుమిన్ కావాలి. సిర్రోసిస్‌లో అదే తక్కువ. కోత తరువాత బెవాసిజుమాబ్ అనే మందు (దీని సంగతి కింద వస్తుంది) మొదలుపెట్టాలంటే కనీసం 28 రోజులు ఆగి, గాయం పూర్తిగా మానిందని చూసుకోవాలి. చిన్న బొడిపెను తీయించడం కోసం అసలు చికిత్స నెల రోజులు వెనక్కిపోతుందంటే, ఆ బేరం లాభమా నష్టమా అని నిలదీసి అడగవలసిందే.

కరెంటు

మన ఊళ్ళలో రేడియేషన్‌ను “కరెంటు పెట్టడం” అంటారు. ఆ మాట వినగానే ఒళ్ళు కాలిపోతుందని భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. చర్మం మీది గడ్డ విషయంలో ఆ భయానికి ఆధారం తక్కువ. రక్తస్రావం ఆపడానికి ఒకే విడతలో 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), లేదా ఐదు రోజులలో 20 గ్రే ఇవ్వడం సర్వసాధారణం. మత్తు అక్కరలేదు, బల్ల మీద ఉండేది కొద్ది నిమిషాలే. నెత్తిమీది గడ్డకు ఇచ్చినప్పుడు కాలేయానికి కిరణం తగలనే తగలదు. గడ్డ కాలేయానికి సరిగ్గా పైన పక్కటెముకల మీద ఉంటే ఎలక్ట్రాన్ కిరణాలు వాడవచ్చు, ఎందుకంటే అవి కొద్ది సెంటీమీటర్ల లోతుకే పోయి ఆగిపోతాయి. చికిత్స జరిగిన చోట చర్మం ఎర్రబడుతుంది, వెంట్రుకలు రాలుతాయి. రక్తం కారడం కొద్ది రోజుల నుంచి రెండు వారాలలో తగ్గుముఖం పడుతుంది.

కోతకు సిద్ధంగా లేని కాలేయం, రక్తం కారే గడ్డ, రెండూ ఒకే మనిషిలో ఉంటే కోతకంటే రేడియేషన్ మేలని నేను అనుకుంటాను, ముఖ్యంగా మందుల చికిత్సను ఎక్కువ కాలం ఆపవలసిన అవసరం లేకపోవడం వల్ల. దూరపు ఊరి నుంచి వచ్చేవారు “ఒకే విడతలో ఇవ్వగలరా?” అని ముందే అడగాలి. ఎలక్ట్రోకీమోథెరపీ అని మరొక పద్ధతి ఉంది: బ్లియోమైసిన్ మందు ఇచ్చి గడ్డ మీద విద్యుత్ స్పందనలు పంపుతారు. చర్మపు గడ్డల మీద బాగా పనిచేస్తుంది, కాని ఆ యంత్రం ఉన్న ఆసుపత్రులు తక్కువ.

శరీరమంతటికీ పనిచేసే మందులు

రక్తం దారిలో పాకిన జబ్బుకు అసలు చికిత్స ఇదే. కింద చెప్పే అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: ఈ పరీక్షలలో చేర్చుకున్నవారు దాదాపు అందరూ చైల్డ్-ప్యూ ఎ తరగతివారు. “మధ్యస్థ ఆయుష్షు” అంటే చికిత్స తీసుకున్నవారిలో సగం మంది దాటిన గడువు. ఒక్క మనిషికి రాసిపెట్టిన తేదీ కాదు.

సోరాఫెనిబ్ మాత్ర 2008లో తన పెద్ద పరీక్షలో మధ్యస్థ ఆయుష్షును 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెంచింది. రోజుకు రెండుసార్లు 400 మి.గ్రా. మోతాదు; మన మనుషులలో చాలామందికి దానిని తగ్గించవలసి వస్తుంది. విరేచనాలు, రక్తపోటు, చేతులు కాళ్ళ తోలు సమస్య దీని ముఖ్య ఇబ్బందులు. యూరియా క్రీమ్ మొదటి రోజు నుంచే రాసుకుంటే చివరిది కొంత తగ్గుతుంది. లెన్వాటినిబ్ కూడా మాత్రే, 60 కిలోలు, ఆపైన బరువు ఉంటే రోజుకు 12 మి.గ్రా., తక్కువ ఉంటే 8 మి.గ్రా. 2018 నాటి పరీక్షలో ఆయుష్షు విషయంలో ఇది సోరాఫెనిబ్‌కు తీసిపోలేదు (13.6 నెలలు, 12.3 నెలలు), గడ్డ చెప్పుకోదగ్గంతగా కుంచించుకుపోయినవారు మాత్రం సుమారు 24 శాతం, సోరాఫెనిబ్‌లో 9 శాతం. కంటికి కనబడే బొడిపె తగ్గడమే రోగికి ముఖ్యమైనప్పుడు, రెండు మాత్రలలో లెన్వాటినిబ్ వైపు మొగ్గడానికి ఈ అంకె ఒక కారణం. రక్తపోటు, ఆకలి మందగించడం దీనిలో ఎక్కువ.

అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును, బెవాసిజుమాబ్‌ను కలిపి మూడు వారాలకు ఒకసారి సెలైన్‌లా ఎక్కించే చికిత్స 2020లో ముందుకు వచ్చింది. మధ్యస్థ ఆయుష్షు 19.2 నెలలు, సోరాఫెనిబ్ తీసుకున్నవారిలో 13.4. గడ్డ కుంచించుకుపోవడం సుమారు 30 శాతం మందిలో కనబడింది. కాలేయం బాగున్నవారికి ఇదే మొదటి ఎంపికలలో ఒకటి. అయితే బెవాసిజుమాబ్ రక్తస్రావాన్ని పెంచగలదు. సిర్రోసిస్‌లో అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ చేయించి, అవసరమైతే బ్యాండ్లు వేయించుకోవాలి. చర్మం మీది గడ్డ అప్పటికే రక్తం కారుతూ ఉంటే ముందు రేడియేషన్‌తో దానిని ఆపి, తరువాత ఈ మందుకు పోవడం, లేదా బెవాసిజుమాబ్ లేని జోడీని ఎంచుకోవడం గురించి వైద్యునితో మాట్లాడాలి. అటువంటి జోడీ డుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ మందులు. ట్రెమెలిముమాబ్‌ను ఒక్కసారే ఇస్తారు, డుర్వాలుమాబ్‌ను నాలుగు వారాలకు ఒకసారి కొనసాగిస్తారు. 2022లో వెలువడిన ఫలితాలలో మధ్యస్థ ఆయుష్షు 16.4 నెలలు, సోరాఫెనిబ్‌లో 13.8, మూడేళ్ళకు బతికి ఉన్నవారు సుమారు 31 శాతం, సోరాఫెనిబ్‌లో 20 శాతం.

ఇమ్యునోథెరపీ అంటే దుష్ప్రభావాలు లేని కీమో అని ఒక ప్రచారం ఉంది. అది నిజం కాదు. శరీర రక్షణ వ్యవస్థ పేగు మీద, థైరాయిడ్ మీద, ఊపిరితిత్తుల మీద, కాలేయం మీదనే తిరగబడవచ్చు. అప్పుడు స్టెరాయిడ్లు ఇవ్వవలసి వస్తుంది. పూర్వం కాలేయ మార్పిడి జరిగి, ఆ తరువాత చర్మం మీద క్యాన్సర్ తిరిగి కనబడినవారికి ఈ మందులు మార్పిడి చేసిన కాలేయాన్నే శరీరం తిరస్కరించేలా చేయగలవు, కాబట్టి అటువంటివారికి సాధారణంగా మాత్రలే సురక్షితం. ఏ మందు ఎంచుకున్నా, హెపటైటిస్ బి ఉన్నవారు టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ వాడుతూ ఉండవలసిందే. వైరస్ విజృంభిస్తే మందు పనిచేస్తున్నా కాలేయం నిలవదు.

మొదటి మందు పనిచేయడం మానితే రెగోరాఫెనిబ్ (సోరాఫెనిబ్‌ను తట్టుకున్నవారికి), కాబోజాంటినిబ్, ఆల్ఫా ఫీటోప్రోటీన్ 400 లేదా ఆపైన ఉన్నవారికి రాముసిరుమాబ్ ఉన్నాయి. వీటితో కలిగే అదనపు ప్రయోజనం నెలల లెక్కలోనే ఉంటుంది.

ఖర్చు

ఖర్చు మాట తప్పించి ఈ ఎంపికను చర్చించడం నిజాయతీ కాదు. 2012 మార్చిలో భారత ప్రభుత్వ పేటెంట్ల కార్యాలయం, దేశంలోనే మొదటిసారిగా, సోరాఫెనిబ్ తయారుచేయడానికి హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది. అప్పటివరకు బాయర్ సంస్థ మందుకు నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలయ్యేది; నాట్కో మందు ధర నెలకు 8,800 రూపాయలుగా నిర్ణయమైంది. ఈ రోజున ఒక మధ్యతరగతి కుటుంబం మాత్రల దారిని ఎంచుకోగలుగుతున్నదంటే దాని వెనుక ఈ చరిత్ర ఉంది. బెవాసిజుమాబ్‌కు బయోసిమిలర్లను (అసలు మందును పోలిన ఇతర సంస్థల మందులను) కూడా హెటెరో, డాక్టర్ రెడ్డీస్ వంటి హైదరాబాద్ సంస్థలు తయారుచేస్తున్నాయి. ఆ జోడీలో ఎక్కువ భారం అటెజోలిజుమాబ్‌దే.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ శస్త్రచికిత్స, రేడియేషన్ చేయించుకునే వీలుంది. తమ వైద్యుడు రాసిన మందు జాబితాలో ఉన్నదా లేదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పొలం అమ్మి రెండు విడతలు ఇమ్యునోథెరపీ చేయించి మూడవ విడతకు డబ్బులేక ఆపేయడం కంటే, ఏడాది పాటు కొనగలిగిన మాత్రను క్రమం తప్పకుండా వాడడం మేలని నా గట్టి అభిప్రాయం.

పనిచేస్తున్నదని ఎలా తెలుస్తుంది

చర్మవ్యాప్తిలో ఒక విచిత్రమైన సౌకర్యం ఉంది: మందు పని తీరు కంటి ముందే కనబడుతుంది. వారానికి ఒకసారి, ఒకే వెలుతురులో, బొడిపె పక్కన రూపాయి బిళ్ల ఉంచి ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుంటే వైద్యునికి ఎంతో ఉపయోగపడుతుంది. రెండు మూడు నెలలకు ఒకసారి తీసే సీటీతో దీనిని కలిపి చూస్తారు. బొడిపె తగ్గుతూ కాలేయంలోని గడ్డ పెరగడం కూడా జరగవచ్చు, కనుక ఫోటో సీటీకి బదులు కాదు.

క్యాన్సర్ మందు లేని వైద్యం

కాలేయం చైల్డ్-ప్యూ సి తరగతిలో ఉండి మనిషి మంచం పట్టినప్పుడు పైన చెప్పిన మందులు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి. అప్పుడు ఉపశమన వైద్యాన్ని ఎంచుకోవడం చేతులు దులుపుకోవడం అనుకోకూడదు. దానిలో చేయవలసిన పని చాలా ఉంది. నొప్పికి పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు మించకూడదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రోఫెన్ మాత్ర మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. వాటిని దగ్గరికి రానీయకూడదు. మార్ఫిన్ అవసరమైతే కొద్ది మోతాదులో, ఎక్కువ వ్యవధితో ఇస్తారు. దానితో మలబద్ధకం వస్తే మగత, తికమక పెరుగుతాయి కాబట్టి లాక్టులోజ్ సిరప్ తోడుగా ఉండాలి. పుండు వాసనకు మెట్రోనిడజోల్‌ను పైపూతగా వాడవచ్చు. కట్టు అంటుకోని రకం గాజ్ గుడ్డతో వేయాలి, విప్పేటప్పుడు సెలైన్‌తో తడిపి మెల్లగా తీయాలి.

ఇంట్లో ఉన్నప్పుడు బొడిపె నుంచి రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో, మధ్యమధ్యలో ఎత్తి చూడకుండా, 10 నుంచి 15 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ మందులో తడిపిన గాజ్ గుడ్డ వాడడం ముందుగానే నర్సు దగ్గర నేర్చుకుని ఉండాలి. ముదురు రంగు తువ్వాలు ఒకటి మంచం పక్కన సిద్ధంగా ఉంచుకుంటే రక్తం ఎర్రగా పరుచుకుని కనబడదు, రోగి, ఇంట్లోవారు కంగారుపడడం తగ్గుతుంది. అదిమినా ఆగకపోతే, రక్తపు వాంతి అయితే, మలం తారులా నల్లగా వస్తే, మనిషి మాట తడబడితే ఆ రాత్రే ఆసుపత్రికి బయలుదేరాలి.